ధారపోసిందెంత, దాచుకుందెంత

కామారెడ్డి జిల్లాలో మండలాల పేర్లు వరుసగా చదువుతూ పోతే ఊళ్ళ పేర్లు చదువుతున్నట్టుండదు, మనుషులను పిలుస్తున్నట్టుంటుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, మాచారెడ్డి, రామారెడ్డి, నాగిరెడ్డిపేట, లింగంపేట, బీబీపేట, సదాశివనగర్. వీటిలో కొన్ని దోమకొండ సంస్థానాన్ని ఏలిన కామినేని వంశం వాళ్ళ పేర్లని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఏ ఊరి పేరు ఏ రెడ్డిదన్న తగువు ఇక్కడ అవసరం లేదు. ఊరికి మనిషి పేరు మాత్రం ఊరికే రాదు. అడవి నరికించి పొలం చేయించాడనో, చెరువు తవ్వించాడనో, గుడి కట్టించాడనో, కరువు నాడు గాదె తెరిచాడనో ఒక కృతజ్ఞత ఆ పేరు వెనక ఉంటుంది. ఆ ఊరి శిస్తు వసూలు చేసుకున్నదీ అతనే అన్న సంగతి కూడా ఉంటుంది. చాలాచోట్ల ఈ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి. బాగా కలిగినవాళ్ళు చేసే దానంలో నిజంగా త్యాగం ఉందా అని ఇవాళ ప్రపంచమంతా అడుగుతున్న ప్రశ్నకు కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాల చరిత్ర మంచి పరీక్షాస్థలమని నా నమ్మకం. ఎందుకంటే ఇక్కడ దానాలు రాతిలో, నీళ్ళలో, భూమిలో ఉన్నాయి. ఇచ్చిందేమిటో కనబడుతుంది. కొంచెం వెతికితే దాచుకున్నదీ కనబడుతుంది.

ముందు దానం అంటే ఏమిటో మన పెద్దలే పెట్టిన కొలత ఒకటుంది, దాన్ని చూడాలి. ధర్మశాస్త్రకారుల లెక్కలో వస్తువు చేయి మారినంత మాత్రాన అది దానం కాదు. ఇచ్చేవాడు దాని మీద తన స్వత్వాన్ని పూర్తిగా వదులుకోవాలి, పుచ్చుకునేవాడికి ఆ స్వత్వం కలగాలి. మొదటిది జరగకుండా రెండోది జరగదు. అందుకే చేతిలో బంగారం పెట్టి, దాని మీదుగా నీళ్ళు వదిలేవారు. రాగి రేకుల మీద, శిలాశాసనాల మీద హిరణ్యోదక ధారాపూర్వకంగా ఇచ్చామని మళ్ళీ మళ్ళీ రాసుకున్నది ఇందుకే. నేల మీద పోసిన నీళ్ళను ఎత్తుకోలేం. ఇచ్చినదాన్ని కూడా అలాగే మళ్ళీ ఎత్తుకోలేమని ఆ ధారకు అర్థం. మన వాడుకలో 'ధారపోయడం' అన్న మాట ఇప్పటికీ ఈ బరువుతోనే ఉంది. బిడ్డ కోసం జీవితం ధారపోసిన తల్లిని గురించి అంటాం గాని, బ్యాంకులో డబ్బు వేసినవాణ్ణి గురించి అనం. త్యాగం ఎంత అన్నది ఈ కొలతతోనే కొలవాలి. ఎంత ఇచ్చాడన్న అంకె అందులో సగం లెక్క కూడా కాదు. ఇచ్చాక అతనికి ఏం మిగిలింది, ఇచ్చినదాని మీద పెత్తనం ఎవరి చేతిలో ఉండిపోయింది అన్నవి అసలు లెక్కలు.

ఈ కొలత పట్టుకుని వెనక్కి వెళితే కాకతీయుల నాటి దానాలు కూడా కొత్తగా కనిపిస్తాయి. తెలుగు నేల మీద ధనవంతుడు చేయదగిన పనులుగా సప్తసంతానాలను చెప్పేవారు. కొడుకును కనడం, చెరువు తవ్వించడం, గుడి కట్టించడం, తోట వేయించడం, అగ్రహారం ఇవ్వడం, నిధి నిలపడం, కావ్యం అంకితం పుచ్చుకోవడం. ఏడింటినీ కలిపి సంతానం అన్నారంటేనే వాటి వెనక ఆశ ఏమిటో తెలుస్తుంది. కొడుకు పేరు నిలబెట్టినట్టే చెరువూ నిలబెడుతుంది. ఇది తప్పని నేననను. పేరు కోసమైనా ఎండకాలంలో ఊరికి నీళ్ళు దొరికాయి. అయితే పేరు వచ్చింది గనక అది పూర్తిగా వదులుకోవడం కాదు, ఒక రకమైన మారకం. ఈ మారకం ఒక్కోసారి మరీ నేరుగా జరిగేది. విజయనగర కాలపు తెలుగు శాసనాల్లో దశబంధం అన్న మాట వస్తుంది. చెరువు కట్టించినవాడికి, తెగిన కట్ట పోయించినవాడికి ఆ నీటి కింద పారే భూమిలో కొంత పన్ను లేకుండా వదిలేవారు. చెరువు ధర్మం, దాని కింద మాన్యం రాబడి. రెండూ ఒకే రాతి మీద చెక్కేవారు, దాచిపెట్టలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

అగ్రహారం సంగతి ఇంకా లోతైనది. రాజు ఒక ఊరిని దానం చేశాడంటే ఆ ఊరి నుంచి తనకు రావలసిన శిస్తును వదులుకున్నాడని. కానీ ఆ ఊళ్ళో నాగలి పట్టినవాడికి శిస్తు పోలేదు. అంతకుముందు కోటకు కట్టేది ఇప్పుడు అగ్రహారికుడికి కట్టాడు. మారింది పుచ్చుకునే చేయి మాత్రమే. పైగా ఆ శాసనాల చివర ఒక శాపం తప్పకుండా ఉంటుంది. తానిచ్చిన భూమినైనా పరులిచ్చిన భూమినైనా లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని. ఇంత ఘోరమైన శాపం ప్రతి రాతి మీదా ఎందుకు చెక్కవలసి వచ్చింది? ధార పోసిన నీళ్ళను మళ్ళీ ఎత్తుకోవాలని చూసేవాళ్ళు, ముఖ్యంగా దాత కొడుకులూ మనవలూ, అంత తరచుగా ఉండేవారు గనక.

ఎల్లారెడ్డి డివిజన్‌లోని లింగంపేటలో ఒక మెట్ల బావి ఉంది. నాగన్న బావి అంటారు. 18వ శతాబ్దంలో నాగన్న అనే స్థానిక పాలకుడు తవ్వించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే మోట బావికీ దీనికీ తేడా ఉంది. మోట బావి పొలం కోసం. అక్కడ ఎద్దులు వెనక్కీ ముందుకీ నడుస్తాయి, తోలు బొక్కెన ఎక్కుతుంది, దిగుతుంది, మనిషి పైనే ఉంటాడు. మెట్ల బావిలో మనిషే నీటి దగ్గరికి దిగిపోతాడు. వానలు పడ్డ ఏడు పది మెట్లు దిగితే నీళ్ళు అందుతాయి, కరువు ముదిరిన కొద్దీ ఇంకా ఇంకా కిందికి దిగాలి. కుండ చంకన పెట్టుకుని దిగిన ఆడవాళ్ళకు ఆ ఏడు కరువు ఎంతటిదో దిగిన మెట్లే చెప్పేవి. చాలా కాలం పూడిక నిండి, చెట్లు మొలిచి ఉన్న ఈ బావిని ఇటీవలే బాగు చేశారు. ఎవరూ తాళం వేయలేని దానం ఇలాంటిది. తవ్వించినవాడి వారసులు వచ్చి ఇది మాది, దిగడానికి ఇంత కట్టండి అని అడగలేరు. పెత్తనం వదులుకోవడం అన్న కొలతలో ఈ బావికి ఎక్కువ మార్కులే వేస్తాను.

కానీ బావి దగ్గర అడగవలసిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. అంత లోతు తవ్విందీ, అంత రాయి కొట్టిందీ ఎవరు? తెలుగు నేల మీద ఈ పని చేసినవాళ్ళు వడ్డెరలు. బావికి వాళ్ళ పేరు లేదు. కరువు కాలంలో ఇలాంటి పనులు పెట్టించడం వల్ల కూలీలకు గింజలు దొరికేవని, అదీ దాత చేసిన మేలేనని అంటారు. గింజలు కొలిచి ఇచ్చినచోట అది నిజం. తెలంగాణలో అన్నిచోట్లా గింజలు కొలవలేదు. గడీల కాలంలో వెట్టి ఉండేది. దొర ఇంటి గోడకైనా, గుడి మంటపానికైనా, బావికైనా బండ్లు కట్టి రాయి తోలడం, మట్టి మోయడం ఊరి కులాల మీద పడే విధి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ, దానికి ముందు పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టిని ప్రశ్నించడం వట్టి కాగితం పని కాదు. ఆ మహాసభ ఆరో సభ 1937లో నిజామాబాద్‌లోనే జరిగింది. వెట్టితో కట్టించిన ధర్మకార్యంలో త్యాగం ఎవరిదంటే సమాధానం కష్టమైనదేం కాదు. ఆ బావులు కట్టాక వాటిలోకి ఎవరు దిగొచ్చో, ఎవరు దూరంగా నిలబడి పోయించుకోవాలో కూడా ఊరి కట్టుబాటే నిర్ణయించేది. రాయి మోసిన చేతులే కొన్నిచోట్ల ఆ నీళ్ళు తాకడానికి లేదు. దానం కొందరికే చేరితే దాని కొలత అక్కడ ఆగిపోతుంది.

రాజుల దానం మాటకొస్తే ఈ ప్రాంతంలో నీటి పనులకే ఎక్కువ పేరు. ఇందూరు జిల్లా 1905లో నిజామాబాద్ జిల్లా అయింది, ఎల్లారెడ్డి, కామారెడ్డి అందులో తాలూకాలు. 1916లో మొదలై 1922లో పూర్తయిన పోచారం చెరువు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలకు నీళ్ళిస్తోంది. ఆ తర్వాత 1923లో మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు ఇంజనీరింగ్ చదివినవాళ్ళకే తెలుసు, ఆనకట్టకు ఉన్నది నిజాం పేరు. నిజాం మాకు నీళ్ళిచ్చాడు అని పెద్దలు ఇప్పటికీ అంటారు, ఆ కృతజ్ఞత అబద్ధం కాదు. వరి, చెరకు పండి ఈ జిల్లా ముఖం మారిపోయింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది ఆ నీటి వల్లే. అయితే ఆ ఆనకట్టకు పోసిన డబ్బు రాజ్య ఖజానాది. ఖజానా నిండింది శిస్తుతో, అబ్కారీతో, కరోడ్‌గిరి సుంకంతో. ప్రజలు కట్టిన డబ్బుతో ప్రజలకు చేసిన పని అది. మంచి పాలన అనాలి, మెచ్చుకోవాలి. దానం అనకూడదు. ఆ నీళ్ళ కోసం నిజంగా ఏదైనా వదులుకున్నవాళ్ళు ఉన్నారంటే, మంజీర ఒడ్డున ఊళ్ళు మునిగి లేచిపోయినవాళ్ళు. ఇళ్ళు, దేవుళ్ళు, తాతల సమాధులు నీటి కింద వదిలి వచ్చారు. ఆనకట్టకు వాళ్ళ పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

అదే నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చాడు, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని. ఆయన గురించి తెలంగాణలో ప్రతివాడూ చెప్పే కథ ఒకటుంది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు దేశ రక్షణ నిధికి ఐదు టన్నుల బంగారం దానం చేశాడని. అసలు జరిగింది వేరు. ఆయన ఇచ్చింది 425 కిలోల బంగారం, అదీ జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టుబడిగా, 6.5 శాతం వడ్డీకి. ఆనాటి పత్రికల్లో ఇది స్పష్టంగానే వచ్చింది. ఆ రోజుల్లో దేశానికి బంగారం కావాలి, దాచుకున్నవాళ్ళు బయటికి తీయాలి. ఆయన తీశాడు, అది ఉపకారమే. కానీ వడ్డీ వచ్చే బాండును జనం ఐదు టన్నుల దానంగా ఎందుకు మార్చుకున్నారు? ఇక్కడే నాకు అసలు విషయం దొరుకుతుంది. ధనవంతుడు త్యాగం చేశాడని నమ్మడం మనకు ఇష్టం. అంత సంపద ఉండటానికి ఏదో ఒక న్యాయం ఉందని అనిపిస్తుంది. 425 కిలోలు చాలక మనమే తూకం పెంచాం, బాండుకు బదులు ధార పోయించాం. ధనవంతుల దానాల మీద మనకు వినిపించే చాలా కథల్లో ఇలా మన చేతులతో వేసిన తూకం కొంత ఉంటుంది.

నిజాం పెద్ద ఎత్తున నిజంగా వదులుకున్నది దానంగా కాదు, చట్టానికి. రాజ్యంలో దాదాపు పదోవంతు భూమి సర్ఫ్-ఎ-ఖాస్ పేరిట ఆయన సొంత ఖర్చుల కింద ఉండేది. 1949లో అది ప్రభుత్వంలో కలిసిపోయింది, బదులుగా ఏటా 25 లక్షల రూపాయలు పరిహారం. అదే ఏడాది ఆగస్టు 15న జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. జాగీర్దార్లకూ పరిహారం కట్టారు. మరుసటి ఏడాది కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అన్న హక్కు తెచ్చింది. వందల ఏళ్ళ దానధర్మాలు కదిలించలేని భూమి రెండేళ్ళలో కాగితం మీదైనా కదిలింది. చట్టం చేసే పనినీ దానం చేసే పనినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు ఇంకో కోణం దొరుకుతుంది. ఇవ్వడం ఇచ్చేవాడి ఇష్టం మీద ఉన్నంత కాలం, ఏది ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో, ఎవరికివ్వాలో కూడా అతనిష్టమే. ఆ ఇష్టాన్ని వదులుకోవడమే ధనవంతుడికి అన్నిటికంటే కష్టమని చరిత్ర చూస్తే అనిపిస్తుంది.

ఆ కష్టమైన పని జరిగిన రోజు కూడా ఒకటుంది. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే దగ్గరికి దళితులు వచ్చి బతకడానికి 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అడిగింది 80, ఇచ్చింది 100. భయంతో ఇచ్చారని అలా మొదలైన భూదాన ఉద్యమం మీద ఒక విమర్శ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది, భూస్వాములు ఊళ్ళలో ఉండలేని కాలం. ఇవ్వకపోయినా పోయేదేనన్న లెక్క కొందరిలో ఉండే ఉంటుంది. అయినా పోచంపల్లి వంద ఎకరాలను నేను వేరుగా చూస్తాను. దాత ఎవరికి ఇవ్వాలో ఎంచుకోలేదు, అడిగినవాళ్ళు ఎదురుగా నిలబడి ఉన్నారు. బడికో గుడికో కాదు, పండే నేలగా ఇచ్చాడు. తన పొలంలో కూలికి వచ్చే మనుషులను రైతులను చేశాడు. అంటే ఊళ్ళో తన పెత్తనంలో ఒక ముక్క కూడా దానంతో పాటు పోయింది. ఆ తర్వాత దేశమంతా జరిగిన భూదానం ఈ ఎత్తులో నిలవలేదు. రాళ్ళ నేలలు, తగాదా భూములు ఇచ్చారు. ఇచ్చిన దాంట్లో చాలా భాగం పంపకానికే నోచుకోలేదు. వారసులు వెనక్కి తీసుకోవడానికి చూశారు. శాసనాల చివర ఉన్న శాపం ఎందుకు అవసరమైందో 20వ శతాబ్దంలో మళ్ళీ రుజువైంది.

గుడి కట్టించి వంశపారంపర్య ధర్మకర్తగా ఉండిపోవడం మన దగ్గర పాత ఆచారం. స్వత్వం దేవుడిది, తాళంచెవి మాది. మొదటి తీర్థం, మొదటి మర్యాద, మాన్యాల కౌలు నిర్ణయం అన్నీ దాత ఇంటివే. 1987 దేవాదాయ చట్టం ఆ వంశపారంపర్య హక్కును రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. దాతల కుటుంబాలు అంత దూరం వెళ్ళి పోట్లాడాయంటే దానం చేశాక కూడా వాళ్ళ చేతిలో ఎంత మిగిలి ఉందో అర్థమవుతుంది. దోమకొండ కోట కథ దీనికి భిన్నం. గడీని వారసులే ట్రస్టు పెట్టి బాగు చేయించారు, 2022లో దానికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చింది. కోటలోని గుడిలో ఉన్న మహాదేవుడే ఊరికీ దేవుడు. ఈ పనిని నేను దానమనను, సొంత ఇంటిని పడిపోకుండా కాపాడుకోవడం అంటాను. ఇలా అనడం తక్కువ చేయడం కాదు. పడిపోయిన గడీలు తెలంగాణలో ఎన్నో, నిలబెట్టినవి కొన్నే. ప్రతి మంచి పనినీ త్యాగం అనక్కర్లేదు. సరైన పేరుతో పిలిస్తే దాని విలువ దానికే ఉంటుంది.

ఇక ఇవాళ్టి దానాలు. బీబీపేట మండలం జనగామలో, ఆ ఊరి నుంచి వెళ్ళి నగరంలో సంపాదించుకున్న ఒకాయన దాదాపు ఆరు కోట్ల రూపాయలతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు కొత్త భవనం కట్టించాడు. 2021 నవంబర్‌లో దాన్ని తెరిచారు. తర్వాతి ఏడాది మన ఊరు - మన బడి పథకం మొదలైనప్పుడు, నిర్ణీత మొత్తం ఇచ్చిన దాత పేరు బడికో గదికో పెడతామని ప్రభుత్వమే ప్రకటించింది. సప్తసంతానాల ఆశకు ప్రభుత్వం ధర కట్టిందన్నమాట. దీనికి నాకు అభ్యంతరం లేదు, ధర రాసి పెట్టడంలో దశబంధం నాటి నిజాయితీ ఉంది. ఆ బడి ప్రభుత్వానిదిగానే ఉండటం, ఫీజు లేకపోవడం, పాఠం చెప్పే టీచరు దాత నౌకరు కాకపోవడం ముఖ్యం. అక్కడ ధార పడింది. పెద్ద కంపెనీల సంగతి ఇలా లేదు. కంపెనీల చట్టం ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి కొంత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టి తీరాలి. చట్టం పెట్టమన్న ఖర్చు దానం ఎలా అవుతుంది? అది పన్నుకు దగ్గరి చుట్టం. తేడా ఒక్కటే, పన్ను కడితే ఎక్కడ ఖర్చు పెట్టాలో చట్టసభ నిర్ణయిస్తుంది, ఈ రెండు శాతాన్ని మాత్రం కంపెనీ తన ఫ్యాక్టరీ పక్క ఊళ్ళో, తన బోర్డు పెట్టుకుని ఖర్చు పెట్టుకోవచ్చు.

త్యాగాన్ని ఇలా కొలవడానికి బలమైన అభ్యంతరాలున్నాయి. వాటిలో మొదటిది దాహం వేసినవాడిది. నీళ్ళు తాగేవాడికి దాత ఎంత వదులుకున్నాడన్నది ఎందుకు? లింగంపేట బావిలో దిగిన ఆడమనిషి నాగన్న ఖజానా లెక్క అడగలేదు. నిజమే, ఆ మాటకు నేను లొంగుతాను. మేలు కొలవాలంటే మేలే కొలవాలి. వంద రూపాయల త్యాగం కంటే త్యాగం లేని వంద కోట్ల ఆసుపత్రి ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. కానీ ధనవంతుడికి మనం ఇచ్చేది వట్టి ధన్యవాదం కాదు. పేరిస్తాం, గౌరవమిస్తాం, మా బడి ఎలా నడవాలో, మా ఊరికి ఏం కావాలో చెప్పే అధికారమిస్తాం. ఆ చివరిది ఎందుకిస్తున్నాం అని అడిగితే, అంత త్యాగం చేశాడు గనక అంటాం. అందుకే ఆ త్యాగం ఉందో లేదో అడగవలసి వస్తుంది. కృతజ్ఞతకు నీళ్ళు చాలు. పెత్తనానికి చాలవు.

ధనవంతుడికి నొప్పి ఉండదని నువ్వెలా అనగలవు, సగం ఆస్తి ఇస్తే వాడికి బాధ కాదా అని మరొకరు అడగవచ్చు. దీనికి సమాధానం దాతే చెప్పాడు. వారెన్ బఫెట్ 2010లో తన సంపదలో 99 శాతానికి పైగా ఇచ్చేస్తానని మాట ఇచ్చినప్పుడు, దీనివల్ల తన బతుకులో ఏ లోటూ రాదని, క్రమం తప్పకుండా ఇస్తూ ఆ మేరకు తమ సరదాలు మానుకునేవాళ్ళు తనకంటే ఎక్కువ ఇస్తున్నారని తానే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీకి ఆయనను గౌరవిస్తాను. మన భారతం అశ్వమేధ పర్వంలో ఇదే చెప్పింది. ధర్మరాజు యాగంలో దానాలు ఏరులై పారాక సగం ఒళ్ళు బంగారమైన ముంగిస వచ్చి, పరిగె ఏరుకుని బతికిన సక్తుప్రస్థుడి ఇంట అతిథికి పెట్టిన పేలపిండికి ఈ యాగం సరిరాదని చెప్పింది. కరువులో నలుగురు తమ తమ వంతు వదులుకున్న పిండి అది. ధర్మరాజు చెడ్డవాడని ముంగిస అనలేదు. సరిరాదు అన్నది, అంతే.

ఇలా తూకం వేస్తూ కూర్చుంటే ఇచ్చేవాళ్ళు మానేస్తారన్న భయం కూడా ఉంది. మానరు. పేరు కోసం, పుణ్యం కోసం, పన్ను మినహాయింపు కోసం, నిజంగా జాలితో, పుట్టిన ఊరి మీద మమకారంతో మనుషులు ఇన్ని వందల ఏళ్ళుగా ఇస్తూనే ఉన్నారు. శాసనం చివర శాపం ఉందని చెరువులు తవ్వడం మానలేదు. పూర్తిగా వదులుకునేవాళ్ళూ ఉంటారు. అమెరికాలో చక్ ఫీనీ ఎనిమిది వందల కోట్ల డాలర్లు, చాలా ఏళ్ళు తన పేరు కూడా తెలియనివ్వకుండా ఇచ్చేసి, 2020లో ట్రస్టునే మూసేసి, అద్దె ఇంట్లో బతికి 2023లో పోయాడు. కోనసీమలో డొక్కా సీతమ్మ వచ్చినవాళ్ళందరికీ అన్నం పెడుతూ ఉన్న ఆస్తి కరగదీసింది. వీళ్ళ పక్కన పెట్టి చూడడం మిగతావాళ్ళను అవమానించడం కాదు. కొలబద్ద పొడుగు ఎంతో వీళ్ళ వల్లే మనకు తెలుస్తోంది.

ఆ కొలబద్దను కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో చూడాలంటే గుడి దగ్గరికి పోవాలి. ఇక్కడి ఆడవాళ్ళలో చాలామంది బీడీలు చుడతారు. ఒళ్ళో చాట, చాటలో తునికాకూ తంబాకూ, చేతిలో కత్తెర, దారం. వెయ్యికి ఇంత అని కూలి. ఇంట్లో ఒకరు దుబాయికో మస్కట్‌కో పోయి ఉంటారు. ఊళ్ళో గుడి కడుతున్నారంటే చందా రాయించుకోవడానికి కమిటీ వాళ్ళు ఇంటికి వస్తారు. బీడీలు చుట్టే ఆమె నూట పదహార్లు రాయమంటుంది, పొద్దటి నుంచి చుట్టిన కూలిలో పెద్ద ముక్క అది. ఆ వారం ఇంట్లో ఏదో ఒకటి కొనడం ఆగుతుంది. ఇచ్చాక ఆ గుడిలో ఏ పూజ ఎప్పుడు జరగాలో ఆమెను ఎవరూ అడగరు, ఆమే చెప్పదు. గుడి పూర్తయ్యాక గర్భగుడికి కుడి పక్కన నల్లరాయి పలక పెడతారు. లక్షా నూట పదహార్లతో మొదలై, యాభై వేల నూట పదహార్లు, పాతిక వేలు, పదివేలు అని పేర్లు కిందికి దిగుతూ వస్తాయి. వెయ్యి నూట పదహార్ల దగ్గర పలక అయిపోతుంది. అంతకన్నా తక్కువ ఇచ్చినవాళ్ళ పేర్లు రసీదు పుస్తకంలో ఉంటాయి.